కొను, బడు: ఉన్నత పాఠశాల పౌరశాస్త్ర, అర్థశాస్త్ర పాఠాల తెలుగు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్రంలోని పౌరశాస్త్ర, అర్థశాస్త్ర భాగాల తెలుగును పరిభాష, వాక్యనిర్మాణం, కథనం, లేఖారచన అనే నాలుగు కోణాల నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాఠ్యాంశం పౌరుణ్ణి కర్తగా భావిస్తున్నది. ఆ విషయాన్ని చెప్పే తెలుగు వాక్యం మాత్రం అతణ్ణి గ్రహీత స్థానంలో నిలుపుతున్నది. ఈ వైరుధ్యాన్ని గుర్తించి సవరించే బాధ్యతలో తెలుగు శాఖలకూ భాగం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంఘికశాస్త్ర బోధన, పాఠ్యపుస్తక భాష, పరిభాష, కర్మణి వాక్యం, యజ్ఞం, లేఖారచన.

1. ఉపోద్ఘాతం

పాఠ్యపుస్తకాల భాషను గురించిన చర్చ తెలుగువారికి కొత్త కాదు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమంలో పాఠశాల పుస్తకాల భాష కేంద్రస్థానంలో ఉండేది. ఆ వాదంలో వ్యావహారికం గెలిచింది. అయితే గెలిచిన భాష అన్ని పాఠాలకూ ఒకే తీరున చేరలేదు. తెలుగు వాచకం మారినంతగా సాంఘికశాస్త్రం మారలేదు. అది క్రియాపదాల చివరలను మార్చుకొన్నది గాని, వాక్యపు కట్టును చాలావరకు ఆంగ్ల మూలం నుంచే తెచ్చుకొంటున్నది. ఇటీవల రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వచ్చిన ద్విభాషా పుస్తకాలలో ఆంగ్ల, తెలుగు పాఠాలు ఎదురెదురు పుటలలో ఉంటున్నాయి. ఎదుటి పుటతో పేరాకు పేరా సరిపోవలసి రావడంతో తెలుగు వాక్యం తన నడక తాను నడిచే అవకాశం మరింత తగ్గింది.

తెలుగులో అర్థశాస్త్ర రచన పరీక్షల కోసం మాత్రమే పుట్టలేదు. కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్ర గ్రంథం విజ్ఞానచంద్రికా గ్రంథమాలలో సామాన్య పాఠకుల కోసం వెలువడింది. ఆధునిక శాస్త్రాన్ని తెలుగులో ఆలోచించి చెప్పాలన్న సంకల్పం ఆనాడే ఉన్నది. ఆ సంకల్పం నేటి తరగతి గదిలో ఎంత మిగిలిందన్నది ఇక్కడి ప్రశ్న.

2. పరిభాష: ఒక పదం, అనేక భారాలు

మంచి పరిభాషకు తెలుగులో ఉదాహరణలు లేకపోలేదు. ‘తలసరి ఆదాయం’ అటువంటిది. ‘తల’, ‘సరి’ అనే రెండు తెలుగు మాటలు కలిసి ఒక గణిత ప్రక్రియను కళ్ళకు కడుతున్నాయి. ఆదాయాన్ని తలలతో భాగించడమే దాని నిర్వచనం. పదమే ఆ నిర్వచనాన్ని చెప్తున్నది. ‘నికర ఆదాయం’ కూడా ఇంటి లెక్కలలో ఖర్చులు పోగా మిగిలినదానికి వాడే మాట. దాని పక్కన ‘స్థూల’ అనే పదం వచ్చినప్పుడు విద్యార్థికి ‘స్థూలకాయం’ గుర్తుకు వస్తుంది గాని, తరుగు తీయని మొత్తం గుర్తుకు రాదు.

‘ప్రాథమిక’ అనే విశేషణం పరిస్థితి మరింత క్లిష్టమైనది. ప్రాథమిక పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ప్రాథమిక రంగం, ప్రాథమిక హక్కులు – ఈ నాలుగింటిలోనూ ఒకే మాట ఉన్నది. మొదటి మూడింటిలో అది తొలి మెట్టును సూచిస్తున్నది. వాటి తరువాత ఉన్నత పాఠశాల, పెద్దాసుపత్రి, ద్వితీయ రంగం వస్తాయి. నాలుగోదానిలో మాత్రం అది పునాదిని సూచించాలి. ప్రాథమిక హక్కుల పైన ‘ఉన్నత హక్కులు’ ఉండవు. ఈ తేడాను పాఠం విప్పి చెప్పకపోతే, ప్రాథమిక హక్కులంటే హక్కులలో చిన్నవని విద్యార్థి అనుకొనే అవకాశం ఉన్నది.

‘ఆదేశిక సూత్రాలు’ మరొక చిక్కు. వ్యవహారంలో ఆదేశమంటే ధిక్కరించరాని ఆజ్ఞ. రాజ్యాంగం 37వ అధికరణం ప్రకారం ఈ సూత్రాలను న్యాయస్థానాల ద్వారా అమలు చేయించుకోవడం కుదరదు. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలని చెప్పే 40వ అధికరణం ఈ కోవలోనిదే. పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి 1992 నాటి 73వ సవరణతో గాని రాలేదు. పేరులో ఉన్న ఆజ్ఞ అమలులో లేదన్నమాట. ఇదే విద్యార్థి తెలుగు తరగతిలో గసడదవాదేశ సంధి నేర్చుకొంటాడు. అక్కడ ఆదేశమంటే ఒక వర్ణం స్థానంలో మరొకటి రావడం. ఒకే పదం మూడు చోట్ల మూడు అర్థాలతో ఎదురవుతున్నా, ఏ ఉపాధ్యాయుడూ వాటిని కలిపి చర్చించవలసిన ఏర్పాటు మన బోధనలో లేదు.

సంస్కృత పరిభాషకు కచ్చితత్వమూ, ఇతర భారతీయ భాషలతో సామ్యమూ ఉంటాయన్న వాదంలో బలం ఉన్నది. అందువల్ల ‘ద్రవ్యోల్బణం’ వంటి పదాలను తీసివేయమనడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. గుణసంధిని విడదీసి, ‘ఉల్బణం’ అంటే అతిశయించడమని చెప్పి, ధరలు పెరిగినప్పుడు అదే నూరు రూపాయలకు తక్కువ సరుకు రావడాన్ని చూపితే ఆ పదం విద్యార్థి సొంతమవుతుంది. పదం కఠినమైనదైతే వివరణ అవసరం పెరుగుతుంది. ఆ వివరణను పూర్తిగా ఉపాధ్యాయునికి వదిలివేయడం సరికాదు.

3. వాక్యం: కొను, బడు

పదాల కన్నా వాక్యాల ప్రభావం లోతైనది. ఈ క్రింది మూడు వాక్యాలు ఏ ఒక్క పుస్తకం నుంచీ తీసుకొన్నవి కావు. సాంఘికశాస్త్ర రచనలో తరచుగా కనిపించే ధోరణికి నమూనాలు:

(అ) పౌరులకు హక్కులు కల్పించబడ్డాయి.
(ఆ) గ్రామసభ నిర్వహించబడుతుంది.
(ఇ) లబ్ధిదారులు ఎంపిక చేయబడతారు.

‘బడు’ చేరిన కర్మణి ప్రయోగం తెలుగు సంభాషణలో చాలా అరుదు. కర్తను చెప్పనక్కర లేనప్పుడు తెలుగు దానిని సహజంగానే వదిలివేస్తుంది. ‘మా ఊళ్ళో కొత్త బడి కట్టారు’ అంటాము. ఆ బహువచన క్రియలో ఎవరో మనుషులు ఉన్నారన్న స్పృహ మిగులుతుంది. ‘కట్టబడినది’ అన్నప్పుడు ఆ మనుషులు కూడా మాయమవుతారు. పై మూడు వాక్యాలలో హక్కును ఎవరు కల్పించారు, సభను ఎవరు నిర్వహించాలి, లబ్ధిదారులను ఎవరు ఏ ప్రమాణంతో ఎంపిక చేస్తారు అనే ప్రశ్నలు అడగడానికి వ్యాకరణమే చోటు ఇవ్వదు. పౌరశాస్త్రం నేర్పవలసినవి సరిగ్గా ఈ ప్రశ్నలే.

రాజ్యాంగ ప్రవేశికను దీనితో పోల్చి చూడాలి. దానిలో కర్త ప్రజలు. వారు రాజ్యాంగాన్ని తమకు తాము ఇచ్చుకొంటున్నారు. ఈ భావాన్ని చెప్పడానికి తెలుగులో ‘కొను’ అనే అనుప్రయుక్త ధాతువు సిద్ధంగా ఉన్నది. చేసిన పని ఫలం చేసినవారికే చెందడాన్ని అది ఒక్క మాటలో చెప్తుంది. ఇచ్చుకొను, రాసుకొను, ఎన్నుకొను, అడిగి తెలుసుకొను – ప్రజాస్వామ్య క్రియలన్నీ ‘కొను’తో చక్కగా ఇమిడే క్రియలే. ‘ప్రతినిధులు ఎన్నుకోబడతారు’ అనే వాక్యంలో ‘కొను’ మీద ‘బడు’ వచ్చి కూర్చోవడం గమనార్హం. ప్రజలు తమ కోసం చేసుకొనే పనిని వాక్యం వారి చేతిలో నుంచి తీసివేస్తున్నది. ‘ప్రతినిధులను మనం ఎన్నుకొంటాం’ అనడానికి అదనపు శ్రమ ఏమీ లేదు.

కర్త నిజంగా తెలియనప్పుడు, లేదా శాసనభాషను యథాతథంగా పరిచయం చేసేటప్పుడు ‘బడు’ తప్పనిసరి కావచ్చు. దానిని నిషేధించమని ఎవరూ కోరనక్కర లేదు. పాఠమంతటా అదే ప్రధాన వాక్యరూపమైనప్పుడు మాత్రం, ప్రభుత్వం ఇచ్చేదిగా, ప్రజలు పుచ్చుకొనేవారుగా ఒక చిత్రం ఏర్పడుతుంది. పాఠం పేరు ‘హక్కులు’ అయినా విద్యార్థి మనసులో మిగిలేది పథకం.

4. రెండు ఊళ్ళు: పాలంపూర్, సుందరపాలెం

గ్రామీణ ఆర్థిక వ్యవస్థను బోధించడానికి ఎన్‌సిఇఆర్‌టి 2006 నాటి తొమ్మిదో తరగతి పుస్తకం పాలంపూర్ అనే ఊహాగ్రామాన్ని సృష్టించింది. 450 కుటుంబాల ఆ ఊరి ద్వారా భూమి, శ్రమ, పెట్టుబడి అనే భావనలు పరిచయమవుతాయి. నిర్వచనాలతో కాక మనుషులతో పాఠం మొదలుపెట్టడం, భూమి పంపకంలోని కులభేదాన్ని దాచకపోవడం దాని గుణాలు.

అందులో సవిత అనే చిన్న రైతు సేద్యపు ఖర్చుల కోసం పెద్ద రైతు తేజ్‌పాల్ సింగ్ దగ్గర 3,000 రూపాయలు అప్పు తీసుకొంటుంది. నాలుగు నెలలకు వడ్డీ 24 శాతం. కోతల సమయంలో తక్కువ కూలికి అతని పొలంలో పని చేస్తానని కూడా ఆమె మాట ఇవ్వాలి. ఇక్కడ 24 శాతం సంవత్సరానికా, నాలుగు నెలలకా? మొదటిదైతే వడ్డీ 240 రూపాయలు, రెండోదైతే 720. తెలుగు పల్లెలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్తారు. మొదటిది ‘రెండు రూపాయల వడ్డీ’, రెండోది ‘ఆరు రూపాయల వడ్డీ’. ఆ లెక్కలో ఈ సందేహానికి తావు లేదు. రైతుకూలీ ఇంటి బిడ్డకు పాఠం కన్నా ముందే తెలిసిన కొలత ఇది. దానిని తరగతిలోకి రానిస్తే, శాతంలోకి మార్చడమే ఒక మంచి అర్థశాస్త్ర పాఠమవుతుంది. ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు అనే లెక్క తెలిసిన విద్యార్థికి హెక్టారును చెప్పడమూ అంతే.

సవిత కథ పాఠంలో అప్పు తీసుకోవడంతో ముగుస్తుంది. ఆ అప్పు తీరకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యంలో ఎప్పుడో సమాధానం ఉన్నది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ (1964) లోని సుందరపాలెంలో అప్పల్రాముడు గోపన్నకు బాకీ పడతాడు. ఆ తగవు ఏళ్ళ తరబడి సాగి, శ్రీరాములునాయుడి పెద్దరికంలో పంచాయతీకి వస్తుంది. ఊరికి అభివృద్ధి వస్తూనే ఉంటుంది. అదే కాలంలో ఒక కుటుంబం భూమిని పోగొట్టుకొనే స్థితికి చేరుతుంది. తన సంతతికి అప్పుతోపాటు పాలేరుతనం వారసత్వంగా రాకూడదని సీతారాముడు కన్నకొడుకునే చంపుతాడు. అభివృద్ధి, రుణం, స్థానిక న్యాయం అనే మూడు పాఠాలు ఒకే కథలో ఉన్నాయి. పంచాయతీ మర్యాదగా, పద్ధతిగానే నడుస్తుంది. పద్ధతి సక్రమంగా ఉన్నా న్యాయం జరగకపోవచ్చునన్న ఎరుకను ఏ నిర్వచనమూ ఇంత బలంగా ఇవ్వలేదు.

ఈ కథ వచ్చిన 12 సంవత్సరాలకు, 1976లో, వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం నిర్వచనంలో దేశమంతటి స్థానిక పేర్లు జాబితాగా ఉన్నాయి. వాటిలో పాలేరు, జీత, భగేలా, వెట్టి అనే మాటలు చేరాయి. ఆంగ్లంలో రాసిన శాసనం కూడా ప్రజల పలుకుబడి లేకుండా ఆ దోపిడీని నిర్వచించలేకపోయింది. 23వ అధికరణాన్ని బోధించేటప్పుడు ఈ ఒక్క విషయం చెప్పినా, హక్కు పుస్తకంలో నుంచి లేచి ఊరి చరిత్రలోకి వస్తుంది. ఉన్నవ ‘మాలపల్లి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ ఇదే పనికి తోడ్పడే నవలలు. పదిహేనేళ్ళ విద్యార్థులకు ‘యజ్ఞం’ ముగింపును నేరుగా చదివించాలా, పంచాయతీ ఘట్టం వరకే పరిమితం కావాలా అన్నది ఉపాధ్యాయుడు తన తరగతిని బట్టి నిర్ణయించుకోవలసిన సంగతి.

5. అర్జీ భాష: తెలుగు తరగతి పాత్ర

ఈ విమర్శ సాంఘికశాస్త్రంతోనే ఆగిపోతే అసంపూర్ణమవుతుంది. పౌరశాస్త్రం సమాచార హక్కు చట్టం (2005) గురించి చెప్తుంది. దాని ప్రకారం దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర లేదు. సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. రాయలేనివారు నోటితో అడిగితే, దానిని రాతలో పెట్టడానికి అధికారి సాయపడాలి. ఏ వ్యక్తి అయినా తన ఇబ్బందిని రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో ఏ అధికారికైనా విన్నవించుకోవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెప్తున్నది.

ఆ విన్నపం రాయడం నేర్పేది తెలుగు తరగతి. అక్కడి లేఖారచనలో విద్యార్థి సాధారణంగా నేర్చుకొనేది ‘దయచేసి’, ‘ప్రార్థన’, ‘తమ విధేయుడు’ అనే మాటలు. మర్యాద వేరు, ప్రాధేయపడడం వేరు. వీధికుళాయి మరమ్మతు కోరే లేఖలో ఏ తేదీ నుంచి నీరు రావడం లేదు, ఎన్ని ఇళ్ళకు ఇబ్బంది, బాధ్యత ఏ కార్యాలయానిది, ఎప్పటిలోగా జవాబు కోరుతున్నారు అనే అంశాలు ఉండాలి. వాటికి మార్కులు కేటాయించకుండా సంబోధనకూ సంతకానికీ కేటాయించినప్పుడు, సాంఘికశాస్త్రం హక్కు అన్నదానిని తెలుగు వాచకం దయగా మారుస్తుంది. ‘బడు’ వాక్యాన్ని చదివిన విద్యార్థి ‘విధేయుడు’గా సంతకం చేయడం సహజ పరిణామమే.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, సాంఘికశాస్త్ర పుస్తకాలు అచ్చుకు వెళ్ళేముందు జరిగే భాషాపరిష్కరణ వర్ణదోషాల దగ్గర ఆగకుండా క్రియారూపాల దాకా వెళ్ళాలి. ప్రతి ‘బడు’ దగ్గరా కర్త ఎవరని అడగాలి. రెండోది, కౌలు, పాలు, తాకట్టు, నూటికింత వడ్డీ వంటి గ్రామీణ ఆర్థిక పదజాలాన్ని ప్రాంతాల వారీగా సేకరించి, ప్రామాణిక పరిభాషతో జోడించిన చిన్న నిఘంటువును తెలుగు శాఖలు తయారు చేయాలి. ఇది పరిశోధక విద్యార్థులకు తగిన క్షేత్రకార్యం కూడా. మూడోది, తెలుగు లేఖారచననూ పౌరశాస్త్రంలోని సమాచార హక్కు పాఠాన్నీ ఒకే అభ్యాసంగా కలపాలి.

వీటి ఫలితాన్ని కొలవడానికి కొత్త పరీక్షలు అక్కరలేదు. ‘ప్రాథమిక హక్కు అంటే ఏమిటో మీ ఇంట్లోవారికి అర్థమయ్యేలా రాయండి’ అనే ప్రశ్న ఒక్కటి చాలు. కంఠస్థం చేసిన నిర్వచనం దానికి జవాబు కాదు. సొంత వాక్యంలో చెప్పగలిగిన విద్యార్థి, రేపు గ్రామసభలో లేచి నిలబడినప్పుడు మాట కోసం తడుముకోడు.