లోపలే చిక్కిన బిడ్డ

ఈ వారం ఒక బాలింత చూపించిన డిశ్చార్జి కాగితం నన్ను చాలా బాధపెట్టింది. బిడ్డ బరువు 2 కిలోలు. పొడవు, తల చుట్టుకొలత గళ్లు ఖాళీ. ఎన్ని వారాలకు పుట్టాడో రాయాల్సిన చోట అడ్డగీత. కింద ‘తక్కువ బరువు’ అని రాసి సరిపెట్టారు.

పుట్టగానే బిడ్డ పొడవు, తల టేపుతో కొలవాలన్న నా గొడవ ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. అయినా మళ్లీ చెబుతాను. 34 వారాలకు 2 కిలోల బరువు, 45 సెంటీమీటర్ల పొడవుతో పుట్టినవాడు ఆ నెలలకు తగ్గట్టే ఎదిగాడు, ముందుగా వచ్చాడంతే. 39 వారాలకు అదే 2 కిలోలతో, 48 సెంటీమీటర్లతో పుట్టినవాడి సంగతి వేరు. గ్రాముల్లో బరువును వందతో హెచ్చవేసి సెంటీమీటర్లలో పొడవు ఘనంతో భాగిస్తే పాండెరల్ ఇండెక్స్ వస్తుంది. మొదటివాడికి 2.2, రెండోవాడికి 1.8. రెండు కంటే తగ్గితే పొడవుకు తగ్గ కండ పట్టలేదని లెక్క. మాయ నుంచి అందే పోషణ చివరి నెలల్లో తగ్గితే, బిడ్డ ఒళ్లు ఉన్న రక్తాన్ని ముందు మెదడుకే పంపుతుంది. తల ఎదుగుతుంది, తొడలు చిక్కుతాయి. మొదటివాడికి ఊపిరి గురించి భయపడాలి, రెండోవాడికి షుగరు పడిపోవడం గురించి. ఇద్దరికీ ఒకే పేరు పెట్టి ఊరుకుంటే ఎలా?

టేపు అనగానే నాకు పని నేర్పిన సిస్టరమ్మ గుర్తొస్తారు. ఆవిడ టేపు తీయడం అరుదు. వార్మర్ కింద బిడ్డ బట్టలు విప్పి, తొడ మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసేవారు. పిరుదులు, వీపు, గడ్డం కింద, చేతులు, బుగ్గలు, చివరికి జుట్టు. ఒకసారి 38 వారాల బిడ్డ దగ్గర ఆగిపోయారు. 2.7 కిలోలు, 50 సెంటీమీటర్లు. చార్టులో పెడితే పదో పర్సంటైల్ పైనే ఉంటాడు, అంటే చిన్నబిడ్డ లెక్కలోకి రాడు. ‘బరువుందిగానీ ఒళ్లు లేదు సార్. వీడు లోపలే చిక్కాడు’ అన్నారు. మడమ నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు తక్కువ. వెంటనే పాలు పట్టించారు.

ఆవిడ వేళ్లు వెతికిన చోట్లకే మరో రెండు కలిపి 1994లో మెట్‌కాఫ్ అనే వైద్యుడు క్యాన్ స్కోరుగా ప్రచురించారు. తొమ్మిది గుర్తులు, ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు, మొత్తం 36. 25 కంటే తగ్గితే గర్భంలోనే పోషణ లోపించినట్టు. బరువు మామూలుగా ఉన్నవాళ్లలోనూ ఇలాంటి బిడ్డలు దొరుకుతారని ఆ స్కోరు చెబుతుంది.

ఖాళీ గళ్లు నింపమని అడగడానికే ఈ వారం కలం పట్టాను. కానీ గళ్లన్నీ నిండినా ఆ 2.7 కిలోల బిడ్డ ఏ కాగితంలోనూ దొరకడు. ఎదుగుదల ఆగడమంటే చిన్నగా పుట్టడం కాదు, తను చేరాల్సిన చోటికి చేరకపోవడం. అందుకే ఇప్పుడు టేపు కంటే ముందు మరొకటి అడుగుతున్నాను. పుట్టిన ప్రతి బిడ్డనూ, 3 కిలోలున్నా సరే, వెచ్చని చోట బట్టలు విప్పి తడిమి చూడండి. చర్మం వదులుగా జారితే షుగరు చూడండి, ఆలస్యం చేయకుండా పాలు పట్టించండి. కొలతలు ఆ తర్వాత రాయొచ్చు.