పాట కట్టినవాడు, పాడినవారు

జార్జి ఎమ్. కోహన్ పేరు మన పాఠకులలో పెక్కుమందికి క్రొత్తది కావచ్చును. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలో మాత్రము ఆ పేరు విననివారు అరుదు. న్యూయార్కు నగరమందలి బ్రాడ్వే వీథి ఆ దేశపు నాటకశాలలకు పట్టుగొమ్మ. అచ్చట నాటకము తానే వ్రాసి, పాటలు తానే కట్టి, వరుసలు తానే కూర్చి, నటులకు తానే నేర్పి, నాయకపాత్ర తానే ధరించి, తుదకు వసూళ్ల లెక్కయు తానే చూచుకొన్నవాడు కోహన్. ఒక్కడు ఇన్ని పనులు చేయుట చూచి జనులు అబ్బురపడిరి. అది న్యాయమే. కాని అంతటి పనివాని చేతిక్రింద పనిచేసినవారి గతి యేమి? ఆతనిని మెచ్చుకొనువారు ఈ ప్రశ్నను తరచు దాటిపోవుదురు. దీనిని విడిచి ఆతని పాటలకు సైతము సరియైన విలువ కట్టలేమని నా తలంపు.

కోహన్ 1878 జూలై 3 వ తేదీన రోడ్ ఐలండు రాష్ట్రమందలి ప్రొవిడెన్సులో జన్మించినట్లు జ్ఞానస్నానపు పత్రమువలన తెలియుచున్నది. ఇంటివారు మాత్రము జూలై 4 అని చెప్పుకొనిరి. అది అమెరికా స్వాతంత్ర్యదినము. దేశభక్తి గీతములు కట్టి బ్రతుకదలచినవానికి ఆ యొక్కదినపు సర్దుబాటు ఎంతయో యుపకరించెను! తండ్రి జెరెమయా, తల్లి హెలెన్ ఐరిషు సంతతివారు. ఊరూర తిరిగి వాడెవిల్ ఆడుట వారి వృత్తి. వాడెవిల్ అనగా ఒక కథ గల నాటకము కాదు. ఒకరు పాడి, ఒకరు ఆడి, ఒకరు గారడి చేసి, ఒకరు కుక్కలచేత విన్యాసములు చేయించి, ఎవరి వంతు వారు కొలది నిమిషములలో ముగించుకొని పోవు కదంబ ప్రదర్శనము. జార్జియు, అతని అక్క జోసెఫీనును రంగస్థలపు తెరల వెనుకనే పెరిగిరి. మన సురభి నాటక కుటుంబముల నెఱిగినవారికి ఈ బ్రతుకును వేఱుగా వర్ణింప నక్కఱలేదు. బడి కుదురు లేదు, ఇల్లు కుదురు లేదు; రైలుబండియే ఇల్లు, ప్రేక్షకులే గురువులు. "నలుగురు కోహనులు" అను పేర వారు ప్రసిద్ధికెక్కిరి. ఆట ముగిసిన పిమ్మట తల్లి, తండ్రి, అక్క, తాను అను వరుసలో జార్జి సభకు కృతజ్ఞత చెప్పుట పరిపాటి. ఆ నలుగురిలో తొలుత మెప్పుపొందినది జోసెఫీను నాట్యమేనని మఱవరాదు.

ఇట్టి పెంపకమునుండి ఆతని కలమునకు రెండు గుణములు వచ్చెను. మొదటిది, విసుగు పుట్టింపరాదను భయము. వాడెవిల్‌లో క్షణకాలము జనులు మనసు మరలించిరా, ఆ వంతు చెడినట్లే. కావున కోహన్ నాటకములలో నడక లేదు, పరుగే కలదు. రెండవది, వీథిభాష. ఐరోపానుండి వచ్చిన ఓపెరెట్టాలలో రాకుమారులు, సైన్యాధిపతులు పాడుచుండగా, 1904 నవంబరులో ప్రదర్శింపబడిన "లిటిల్ జానీ జోన్సు"లో పాడువాడు గుఱ్ఱపు పందెముల జాకీ. ఇంగ్లండునకు పోయిన అమెరికా జాకీ టాడ్ స్లోన్ వృత్తాంతము దానికి మూలము. మొదటిసారి అది 52 ప్రదర్శనములకే నిలిచిపోయెను. కోహన్ నిరాశపడక, దానిని ఊళ్లు త్రిప్పి, దిద్ది, మరల 1905 లో న్యూయార్కునకు తెచ్చి నిలువబెట్టెను. ఆతని పరిశ్రమలో నాకు మిక్కిలి నచ్చునది ఈ దిద్దుబాటే. కళాఖండము ఆకాశమునుండి ఊడిపడునని ఆతడు నమ్మలేదు. వడ్రంగి తలుపు చెక్క సరిపోవువఱకు చిత్రిక పట్టినట్లు పాటకు పనిపెట్టెను.

1906 నాటి "జార్జి వాషింగ్టన్, జూనియర్" లోని జెండాపాట చరిత్ర వినదగినది. అంతర్యుద్ధములో పోరిన యొక ముదుసలి సైనికుడు తన చేతనున్న చిరిగిన జెండాను ప్రేమతో "పాత పేలిక" యని పిలువగా విని, కోహన్ ఆ మాటనే పల్లవిలో పెట్టెనని చెప్పుదురు. జెండాను పేలిక యనుటయా యని కొందరు మండిపడిరి. కోహన్ వెంటనే "పేలిక"ను తీసి "జెండా"ను పెట్టెను. పాట లోకమంతయు మ్రోగెను. కాని పోయినదేమి? ముదుసలి నోటిలో ఆ చులకనమాట యందే కన్నీరున్నది. యుద్ధములో జెండాతోపాటు తానును చిరిగినవాడే అట్లు పిలువగలడు. సవరించిన పాటలో కన్నీరు పోయి చప్పట్లు మిగిలెను. ప్రేక్షకుల ముఖము చూచి బ్రతుకు కవికి ఇది తప్పనిసరి యగు నష్టము కాబోలు.

1917 ఏప్రిలులో అమెరికా మహాయుద్ధమున ప్రవేశించినప్పుడు కట్టిన "ఓవర్ దేర్" కూడ ఇట్టిదే. సైనికుల కాహళధ్వనినే పల్లవిగా మలచుట నేర్పరితనము. ఒక్కసారి విన్నవాడు రెండవసారి పాడగలడు. నోరా బేయ్సు దానిని ప్రచారములోనికి తెచ్చెను. ఇటలీ గాయకసార్వభౌముడు కరూసో 1918 లో రికార్డునకు పాడెను. అందు వచ్చుచున్నామను ధీమా కలదు. వెళ్లినవారిలో తిరిగిరానివారు లక్షకు పైబడిరి. వారి నీడ ఆ పాటపై పడదు. సేనను నడిపించుటకు కట్టిన పాటలో దుఃఖమును వెదకుట అన్యాయమందురేమో. ఒక్క పాటయే యైన నేనును అట్లే యందును. ఆతని పేర మూడువందలకు పైగా పాటలున్నవి. అందు ప్రసిద్ధములైన వానిలో సందేహించు గొంతుక వినబడుట అరుదు. అన్నిటను ఉత్సాహమే, అన్నిటను గెలుపే. పనిచేసినవాడు గెలుచును, గెలువనివాడు పనిచేయనివాడు — ఆతని కావ్యలోకపు ధర్మము ఇదియే.

ఈ ధర్మము పాటలో నున్నంతకాలము హాని లేదు. అది కూలిలెక్కలోనికి వచ్చినప్పుడే చిక్కు.

కోహన్ 1904 మొదలు 1920 వఱకు శామ్ హారిసుతో భాగస్వామియై ఏబదికి పైగా నాటకములు, సంగీతనాటకములు ప్రదర్శింపించెను. అనగా నటుడు, కవి అయిన యాతడు యజమాని కూడ నయ్యెను. ఆ కాలమున నటుల స్థితి యెట్టిదో పాఠకులు గ్రహింపవలెను. నాటకము సిద్ధమగువఱకు వారములకొలది రిహార్సలులు. వానికి జీతము లేదు. పండుగదినములలో అదనపు ప్రదర్శనములు. వానికిని జీతము లేదు. దూరపు ఊరిలో ఆట కూలిపోయినచో ఇంటికి చేరుటకు రైలుచార్జి నటుడే వెదకుకొనవలెను. కోరసులో నాడు యువతులు తమ జోళ్లు, మేజోళ్లు తామే కొనుక్కొనవలసియుండెను. ఆడి యాడి చినిగిన మేజోడు ధర ఆ వారపు తిండిలో తగ్గును. తెరయెత్తిన పిమ్మట ప్రేక్షకుడు చూచు మెఱుపులో ఈ లెక్క కనబడదు.

1913 లో స్థాపింపబడిన యాక్టర్సు ఈక్విటీ అను నటుల సంఘమును యజమానులు గుర్తింప నిరాకరించుటచే, 1919 ఆగస్టు 7 వ తేదీన బ్రాడ్వేలో సమ్మె మొదలయ్యెను. వారమునకు ఎనిమిది ప్రదర్శనములే జీతపు లెక్కలోనివి, మించినవానికి వేఱుగా నీయవలెననుట వారి కోరికలలో ముఖ్యమైనది. ఎథెల్ బారీమోరు వంటి మహానటి సమ్మెపక్షమున నిలిచెను. కోరసువారికి ప్రత్యేక సంఘ మేర్పడగా, తానును ఒకనాడు కోరసులో ఆడిన మేరీ డ్రెస్లరు దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను. వాద్యకారులును, రంగస్థలపు పనివారును తోడైరి. ముప్పదికి పైగా నాటకములు ఆగిపోయెను. సెప్టెంబరు 6 వ తేదీన యజమానులు దిగివచ్చిరి.

కోహన్ ఎటునుండెను? యజమానుల పక్షముననుండెను. అంతేకాదు, ఈక్విటీకి పోటీగా లేచిన ఫిడెలిటీ లీగునకు అండగా నిలిచెను. చిరకాలముగా తానున్న నటుల క్లబ్బులను విడిచిపెట్టెను. ఇందు దురాశను మాత్రమే చూచుట సులభము, కాని సరికాదు. ముసలి నటులకు, జబ్బుపడిన నటులకు చాటుగా సాయముచేయుటలో ఆతనికి సాటి లేడని పేరు. తన చేతినుండి అంత పొందినవారే తనపై తిరుగబడిరని ఆతని మనసు విఱిగెను. అడుగకముందే ఇచ్చువాడు, అడిగినంతనే కోపించువాడు — ఇట్టి యజమానులను, ఇట్టి గృహస్థులను మనమెఱుగమా? ఇంటి దాసికి పండుగనాడు చీర పెట్టుదురు. నెలజీతము నిర్ణయింపుమన్నచో కృతఘ్నురాలందురు. దానము ఇచ్చువాని యిచ్ఛ. కూలి పుచ్చుకొనువాని హక్కు. ఆతడు రెండవదానిని మొదటిదానితో తీర్చవచ్చుననుకొనెను.

మఱియొక కారణము ఇంకను లోతైనది. కోహనుకు రిహార్సలు జీతము లేని పని యని తోచలేదు. చిన్ననాట ఆతని రిహార్సలు ఆతని ఇల్లే. తల్లిదండ్రులతో, అక్కతో కూడి చేసినదానికి కూలి యెవరిత్తురు? తరువాత నాటకము తనదే కనుక తన శ్రమ యంతయు తనకే చేరెను. కాని కోరసులో మూడవ వరుసలో నిలిచిన పిల్లకు ఆ నాటకము తనది కాదు. ఆమె శ్రమయు కోహన్ శ్రమయు చూపునకు ఒక్కటే. ఫలము మాత్రము వేఱు. ఆతని పాటలలో ఏ గొంతుక లేదని పైన నంటినో ఆ గొంతుక ఆ మూడవ వరుసలో నుండెను. ఆతడు దానిని పాటలో వినలేదు, వీథిలోను వినలేదు.

1920 లో హారిసుతో భాగస్వామ్యము విడిపోయెను. పని మాత్రము ఆగలేదు. 1922 లో "లిటిల్ నెల్లీ కెల్లీ" విజయము పొందెను. 1923 నాటి "సాంగ్ అండ్ డాన్సు మ్యాన్"లో వాడెవిల్ ఆటగాని పాత్రను తానే ధరించెను. 1933 లో ఓనీలు వ్రాసిన "ఆ, వైల్డర్‌నెస్!"లో తండ్రివేషము వేసి, అరపులు లేకుండ నటింపగలనని చూపెను. ఆతని నటనాజీవితములో పరిణతి ఇక్కడనే కనబడునని నేననుకొందును. ఆ మాటలు తనవి కాకపోవుటయే మేలయ్యెనేమో. 1937 లో రాడ్జర్సు, హార్టు కట్టిన పాటలు పాడుచు అధ్యక్షుడు రూజ్‌వెల్టు వేషము ధరించెను. ఆ నాటకమునకు యజమాని పూర్వపు భాగస్వామి హారిసే. "ఓవర్ దేర్" మున్నగు గీతములకై కాంగ్రెసు ప్రసాదించిన బంగారు పతకమును 1940 లో ఆ రూజ్‌వెల్టు చేతినుండియే పుచ్చుకొనెను. ఈక్విటీలో మాత్రము మరణపర్యంతము చేరలేదు. చేరనివానిని సంఘమువారు వేదిక నెక్కనిచ్చిరి. ఆతడు వారికి చూపని యౌదార్యమును వారాతనికి చూపిరి.

కోహన్ 1942 నవంబరు 5 వ తేదీన మరణించెను. ఆతని జీవితమును "యాంకీ డూడిల్ డాండీ" యను పేర చలనచిత్రముగా తీసినది ఆ సంవత్సరమే. చిత్రము వేగముగా, వేడుకగా సాగును. 1919 సమ్మె అందు లేదు. కోహన్ వేషము ధరించిన జేమ్సు కాగ్నీకి ఆ పాత్రకై ఆస్కారు బహుమతి లభించెను. అదే 1942 లో ఆ కాగ్నీని సినిమా నటుల సంఘమువారు తమ అధ్యక్షునిగా ఎన్నుకొనిరి.