డఫస్ ప్రభువు కట్టిన గళ్ల బట్ట

డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మల్లో నిజం వెతకడం దండగ అనే మాట ఈ వారం మళ్లీ కంటబడింది. దొరల బొమ్మలన్నీ పొగడ్తలేనన్న ఈ తేలిక తీర్పును ఈ కాలమ్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఈసారి సాక్ష్యం స్కాట్లాండ్‌ది. చిత్రకారుడు రిచర్డ్ వెయిట్ 1712 ప్రాంతంలో మూడో డఫస్ ప్రభువు కెనెత్ సదర్లాండ్‌ను నిలువెత్తున గీశాడు. ముఖం సంగతి తర్వాత, ముందు నడుము దగ్గర చూడండి. టార్టన్ అనే గళ్ల ఉన్ని బట్టను, కుట్టులేని పొడవాటి ముక్కను, కుచ్చెళ్లు పోసి బెల్టుతో బిగించారు. కింది సగం మోకాళ్ల దాకా దిగుతుంది, పై సగం భుజానికెక్కుతుంది. 1746లో చేసిన చట్టం స్కాట్లాండ్ కొండసీమ హైలాండ్ మగవాళ్లకు ఈ వేషాన్ని నిషేధించింది, 1782 దాకా ఎత్తివేయలేదు. ఆ నిషేధానికి ముందు దీన్ని ఎలా కట్టేవారో ఇంత స్పష్టంగా చూపే బొమ్మలు అరుదు.

అప్పటి చిత్రకారులు సిద్ధంగా ఉన్న ఒంటికి తల అతికించేవారు కదా అంటారా? నిజమే, 1694లో స్కాట్లాండ్ వచ్చిన జాన్ మెడీనా అలాంటి కాన్వాసులు వెంట తెచ్చుకున్నాడని చెబుతారు. కానీ వెయిట్ గీసిన గ్రాంట్ వంశస్థుల వరసను చూస్తే ఆ అనుమానం నిలవదు. 1704లోనే ఆ వంశ పెద్ద తన మనుషులు ఎరుపు, ఆకుపచ్చ గళ్ల టార్టన్ వేయాలని ఉత్తర్వు చేశాడు. అయినా బొమ్మల్లో ఒకరి గళ్లు మరొకరి గళ్లతో కలవవు. అందరికీ ఒకటే నమూనా దించేస్తే పనీ తేలిక, వంశం పరువూ దక్కేది. వెయిట్ ఆ దారి పట్టలేదంటే ఎదుట ఉన్న బట్టనే గీశాడని నా నమ్మకం. వంశానికొక టార్టన్ అనాదిగా ఉందన్న కథకు ఈ బొమ్మలు గట్టి దెబ్బ.

బట్ట నిజం చెప్పింది గనక మనసూ చెప్పిందనుకోవచ్చా? డఫస్ 1715లో, గద్దె కోల్పోయిన రాజవంశం తరఫున లేచిన జాకొబైట్ తిరుగుబాటులో చేరాడు, బిరుదు పోగొట్టుకున్నాడు, లండన్ టవర్‌లో బందీ అయ్యాడు, చివరికి రష్యా నౌకాదళంలో చేరాడు. ఇదంతా తెలిశాక ఆ టార్టన్‌లో తిరుగుబాటు కనిపించడం సహజం, నాకూ కనిపిస్తుంది. కానీ బొమ్మకు కొద్దికాలం ముందే, 1711లో, ఇదే మనిషి బ్రిటన్ రాణి ఆన్ యుద్ధనౌక ‘అడ్వైస్’కు కెప్టెన్‌గా ఫ్రెంచివాళ్లతో పోరాడి, గాయపడి పట్టుబడ్డాడు. వెయిట్ ముందు నిలబడింది రాణిగారి అధికారి. కాబట్టి నేతకు, కట్టుకు ఈ బొమ్మను సాక్షిగా పిలవండి, తిరుగుబాటుకు మాత్రం పిలవకండి.