మస్టర్ పడని డ్యూటీ

కథలూ కవితలూ చదివినంత శ్రద్ధగా ప్రభుత్వ ఉత్తర్వులను చదివే అలవాటు మనకు తక్కువ. కానీ ఇల్లంటే ఏమిటని, అందులో ఎవరు ఏ పని చేస్తారని ప్రభుత్వం అనుకుంటోందో ఆ కాగితాల్లోనే బాగా బయటపడుతుంది. కరోనా కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన హోం ఐసోలేషన్ మార్గదర్శకాలు అలాంటి పాఠమే. 2020 ఏప్రిల్ 27న మొదటిసారి వచ్చి, 2022 జనవరి దాకా పలుమార్లు సవరించబడిన ఆ పాఠాన్ని గోదావరిఖనిలో, సింగరేణి కార్మికుల రెండు గదుల క్వార్టర్ వైపు నుంచి చదివితే ఏం కనిపిస్తుంది?

మొదట కనిపించేది గది. రోగి తనకు కేటాయించిన గదిలోనే ఉండాలి, ఇంట్లో వృద్ధులకు దూరంగా ఉండాలి. అలాంటి సౌకర్యం ఉన్నవాళ్లకే ఇంట్లో ఉండే అనుమతి అన్న షరతూ ఉంది. నిజమే. కానీ సౌకర్యం అన్న మాటను ఎవరు కొలుస్తారు? ముందుగదిలో అత్తామామలు, లోపలిగదిలో పిల్లల చదువు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగటి నిద్ర. ఇలాంటి ఇంట్లో ఖాళీ గది ఉండదు, ఇంకొకరు వదులుకున్న గది మాత్రమే ఉంటుంది. వదులుకుని వంటింటి గచ్చు మీద చాప పరుచుకునేది ఎవరో వేరే చెప్పాలా?

రెండోది కేర్‌గివర్. రాత్రింబవళ్లు అందుబాటులో ఉండే కేర్‌గివర్ ఒకరు ఉండాలని, ఆ వ్యక్తికీ ఆసుపత్రికీ మధ్య సంబంధం చివరిదాకా తెగకూడదని షరతు. రోగి గదిలోకి వెళ్లేటప్పుడు మాస్కు, అంట్లు తోమేటప్పుడు చేతి తొడుగులు, పనికీ పనికీ మధ్య చేతులు కడుక్కోవడం. ఇంగ్లీషులో ఆ మాటకు లింగం లేదు. కానీ ఆ పనుల జాబితాకు ఉంది. అది మన ఇళ్లలో ఆడవాళ్ల రోజువారీ చాకిరీ జాబితాయే, మాస్కు తొడుక్కుని వచ్చింది. సరిగ్గా కరోనాకు ముందు ఏడాది, 2019లో, జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అది రోగం లేని రోజుల లెక్క.

బొగ్గు గనిలో శ్రమకు కొలత ఉంది. మస్టర్ పడితేనే పని చేసినట్టు. జీతంతో కూడిన సెలవు రావాలంటే భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు, ఉపరితలంలో 240 మస్టర్లు ఉండాలని 1952 నాటి గనుల చట్టమే చెప్పేది. కార్మికుడు రోగంతో మంచం పడితే అది సెలవో నాగానో తేల్చడానికి రిజిస్టర్ ఉంది, అడగడానికి యూనియన్ ఉంది. అదే మంచం పక్కన షిఫ్టు లేకుండా, ప్లేడే లేకుండా డ్యూటీ చేసిన మనిషి ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు.

ఇది కరోనాతో మొదలైంది కాదు. ఇంట్లో అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టి, పోపు మానేసి, బయటివాళ్లను రానివ్వకుండా ఇంటినంతా వేరు చేసే పద్ధతి మనకు తరాలుగా ఉంది. అంటును అర్థం చేసుకున్న వివేకం అందులో ఉంది. కాదనను. అయితే రోగం పేరు అమ్మ, నిష్ఠ పాటించేది అమ్మ. బిడ్డ కోలుకుంటే మహిమ దేవతది, కోలుకోకపోతే నియమం తప్పిన నింద తల్లిది. దేవతగా కొలవడానికీ మనిషిగా లెక్కించడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక పాఠంలో అసలైన ఖాళీ. కేర్‌గివర్‌కే జ్వరం వస్తే? మార్గదర్శకాల్లో ఆమె అప్పుడు రోగి అవుతుంది, ఆమెకూ ఒక కేర్‌గివర్ కావాలి. కాగితం మీద వాక్యం సరిగ్గానే ఉంది. ఇంట్లో మాత్రం ఆ రెండో మనిషి ఉండదు. అందుకే ఒంట్లో బాగోలేదన్న మాటను ఆమె వీలైనంత ఆలస్యంగా చెబుతుంది. పొయ్యి ఆరిపోతుందన్న భయంతో దాచిన ఆ జ్వరం ఆమె ప్రాణానికీ, ఇంట్లో వాళ్ల ప్రాణానికీ ముప్పే. ముట్టు రోజుల్లో మూల చూపించి కూర్చోబెట్టే ఇళ్లు మనకింకా ఉన్నాయి. మైల కోసం దొరికే మూల వైరస్ వచ్చినప్పుడు దొరకదు. అక్కడ వేరు పెట్టడం ఆమె కోసం కాదు, ఇంటి శుద్ధి కోసం. ఆమె కోసం వేరుగా ఉండటమన్నది ఇంకా మన ఆచారంలోకి రాలేదు.

వేరుగా ఉండటం తప్పని నేను అనడం లేదు. అంటువ్యాధికి అది అవసరమైన జాగ్రత్త. అది ఎవరి ఒంటి మీద నిలబడిందో చెప్పమంటున్నాను. మనిషి పనికి రాకపోతే గని ఆగకూడదని సింగరేణిలో బదిలీ ఫిల్లర్లను పెట్టుకున్నారు. ఆ మాట బొగ్గుబాయికి తెలుసు, ఇంటికే తెలియదు. రేపు మరో వైరస్ వచ్చి మరో ఉత్తర్వు రాసేవాళ్లు కేర్‌గివర్ పేరు పక్కన ఇంకో గడి గీయాలి, ఆమెకు బదిలీ ఎవరని. ఆ గడిలో మొదట రాయాల్సింది ఇంట్లో మగవాళ్ల పేర్లే.