నేరకథా శ్రవణము – రెండిండ్ల దుఃఖము

తమిళనాట కొలైచ్చిందు అను పాట యొకటి యుండెడిది, అనగా హత్యాగీతము. ఎచ్చటనైన హత్య జరిగినచో కొలదికాలమునకే ఆ వృత్తాంతము పాటగా నచ్చయి, సంతలలోను రైలుబండ్లలోను పాడుచు అమ్మబడెడిది. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల వృద్ధులకు ఈ సంగతి క్రొత్త కాదు. చనిపోయినవారి పేరు, ఊరు, ఇంటి గుట్టు అన్నియు బజారున పడెడివి. మృతుల తల్లి ఆ పాట వినవలసివచ్చినచో ఏమగునన్న విచారము కట్టినవానికిని లేదు, కొన్నవానికిని లేదు.

నేడు ఆ స్థానమున పాడ్‌కాస్టులు వెలసినవి. అరక్కోణము బండిలో చెవులు మూసికొని కూర్చున్న పిల్లలలో ననేకులు వినుచున్నది నేరకథలే. ఇందు మనకు ప్రత్యేకముగా పట్టింపు గలదు. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది. అటుపిమ్మట పెరిగిన తరములలో తెలుగు చదువలేనివారు పెక్కురు. వారికి తెలుగు చెవిద్వారమున వచ్చు భాష. అట్టి చెవిలో తెలుగు ఏ కంఠముతో, ఏ మర్యాదతో పడుచున్నదో విచారించుట పెద్దల విధి.

2014లో అమెరికాలో వెలువడిన ‘సీరియల్’ ఈ ప్రక్రియకు ప్రపంచఖ్యాతి తెచ్చినది. 1999లో బాల్టిమోరు ప్రాంతమున హతురాలైన విద్యార్థిని కథ అది. చెప్పిన తీరు నేర్పుగలదే. కాని వినువారు వారము వారము ‘ఇతడా, కాదా’ యని పందెము కట్టునట్లు సాగినది. తమకిది పాడ్‌కాస్టు కాదు, బ్రతుకని ఆమె సోదరుడు 2022లో న్యాయస్థానమున విన్నవించుకొనెను.

మాకు నచ్చినది 2016 నాటి ‘ఇన్ ద డార్క్’ మొదటి భాగము. 1989లో మిన్నెసోటా రాష్ట్రమున పదునొకండేండ్ల బాలుడొకడు అపహరింపబడెను. ఇరువదియేడేండ్లకు, ఈ కథనము వెలువడుటకు కొలది దినముల ముందే, హంతకుడు నేరమొప్పుకొనెను. ‘ఎవరు’ అన్న ప్రశ్న అంతటితో తీరినది. మరియొక కథకుడైనచో సరుకు పోయెనని విచారించియుండును. మేడలిన్ బరన్ అను విలేఖరి మాత్రము ‘ఇన్నేండ్లేల పట్టెను’ అని యడిగెను. ఆ రాత్రి ఇరుగుపొరుగువారి నందరిని పోలీసులు విచారింపనేలేదని ఒక్కొక్క ఇంటివారినే యడిగి తేల్చెను. దస్త్రముల నడుమ కాలము గడపిన గుమాస్తాలము గనుక, ఫైలులో ఉండవలసి లేని కాగితమును వెదకు ఈ పద్ధతి మాకెంతయు రుచించినది. ఆ చెంత నివసించిన సంగీతోపాధ్యాయుడొకడు ఏండ్ల తరబడి వృథానుమానమును మోసెను. తల్లి దుఃఖముతోపాటు అతని యవమానమునకును ఈ కథలో చోటు దొరకినది.

ఆ రెండవ ఇల్లు మన తెలుగునాటను గలదు. 2007 డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నము హాస్టలులో ఫార్మసీ విద్యార్థిని యొకతె హత్యచేయబడెను. 2008లో ఒక పేద యువకుని పట్టుకొనిరి. 2010లో విజయవాడ మహిళా న్యాయస్థానము శిక్షించెను. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషియని విడిచిపెట్టెను. నడుమ ఎనిమిదేండ్లకు పైగా చెర. పిదప కేసు సి.బి.ఐ.కి పోయెను, 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి త్రవ్వి అవశేషములను మరల పరీక్షించిరి. పట్టుబడినవాడు దోషి కాడని తొలినుండి చెప్పుచు వచ్చినవారెవరు? చనిపోయిన పిల్ల తల్లిదండ్రులే! రెండిండ్లవారును ఒక్క పక్షముననే నిలిచిన ఇట్టి కథను భీకర వాద్యములతో, నటులచే హత్యను మరల ఆడించి చూపుట మా దృష్టిలో క్రౌర్యమే.

అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు ప్రకటించుట భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను క్రింద నేరము. మరణముతో ఆ రక్షణ తొలగదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున ఆ పేరిచ్చట లేదు. విడుదలయైనవాని పేరు వ్రాయుటకును మాకు మనసొప్పలేదు.

ఊరకుండుటయే మర్యాద యందురా? అదియు సరి కాదు. కేసు మరుగున పడుటకంటె కుటుంబమునకు వేరు శిక్ష లేదు. ఆస్ట్రేలియాలో 1982లో కనబడకపోయిన ఇల్లాలి కథను 2018లో ‘ది టీచర్స్ పెట్’ లోకమునకు గుర్తుచేసినది. 2022లో భర్తకు శిక్ష పడినది. అయితే ఆ కథనము రేపిన కలకలమువలన న్యాయవిచారణ నడుమ కొంతకాలము నిలిపివేయబడెను. మేలు చేయబోయిన నోరే అడ్డు వచ్చినది.

విజయవాడ కేసును తెలుగున చెప్పబూనువారు 2007 నాటి రాత్రితో మొదలిడక 2017 నాటి తీర్పుతో మొదలిడవలెనని మా సూచన. దర్యాప్తు లోపములను ఎత్తిచూపిన పత్రమది. దానిని మంచి తెలుగు చేసి, నెమ్మదిగా చదివి వినిపించినను చాలును. నడుమ సబ్బుల ప్రకటన లేకున్న మరియు మేలు.