యవనికలోకి నటుడు: భర్తృహరి వయోదశల శ్లోకానికి రంగస్థల నేపథ్యం

భర్తృహరి వైరాగ్యశతకంలో మానవుని వయోదశలను నటుని వేషాలతో పోల్చిన శ్లోకం ప్రసిద్ధం. మనిషి క్షణకాలం బాలుడు, క్షణకాలం శృంగారప్రియుడైన యువకుడు, క్షణకాలం నిర్ధనుడు, క్షణకాలం సంపన్నుడు. చివరకు ముడతలు పడిన దేహంతో, నటుని వలె, యముని నివాసమనే యవనికలోకి ప్రవేశిస్తాడు.

దీనికి నేపథ్యంగా తరగతి గదుల్లో రాజు భర్తృహరి, అతని భార్య, చేతులు మారిన ఫలం కథను చెప్పడం పరిపాటి. ఆ కథకు చారిత్రకాధారం లేదు. 1948లో డి.డి. కోశాంబి వెలువరించిన సంశోధిత ప్రతిలో అధికభాగం ప్రతులకు సామాన్యమైనవిగా తేలిన శ్లోకాలు 200 మాత్రమే. శతకాల పరిధే ఇంత అనిశ్చితమైనప్పుడు కవి జీవితంతో శ్లోకాన్ని వివరించడం సాహసమే. ఆశ్రమధర్మమూ ఇక్కడ అక్కరకు రాదు. పేదరికం, సంపద వయోదశలు కావు, ఆశ్రమాలు అంతకన్నా కావు. అవి వేషాలు.

శ్లోకంలోని నడక గమనింపదగినది. శిఖరిణీ వృత్తంలోని మొదటి రెండు పాదాల్లోనే నాలుగు వేషాలు మారిపోతాయి. ప్రతిదానికీ ‘క్షణ’ శబ్దం ఉంది. మిగిలిన రెండు పాదాలూ వార్ధక్యానికీ నిష్క్రమణకూ దక్కాయి. వార్ధక్యానికి మాత్రం ‘క్షణ’ శబ్దం లేదు. పైగా ముడతలు దేహాన్ని ‘అలంకరించాయి’ అంటాడు కవి. ఆహార్యాన్ని తలపించే ఈ మాటలోని వ్యంగ్యాన్ని వ్యాఖ్యానాలు తగినంతగా పట్టించుకోవలసి ఉంది.

అసలు చిక్కు యవనిక దగ్గర వస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది చివర పార్సీ, ధార్వాడ నాటక సమాజాల ప్రభావంతో తెలుగువారికి అలవాటైన తెర ప్రేక్షకుల ముందు పడుతుంది. అది పడితే నాటకం ముగిసినట్టే. సంస్కృత రంగస్థలంలోని యవనిక అటువంటిది కాదు. అది రంగానికి వెనుక ఉంటుంది; దాని అవతల నటులు వేషం వేసుకునే నేపథ్యగృహం ఉంటుంది. (నేడు ‘పూర్వరంగం’ అన్న అర్థంలో వాడే ‘నేపథ్యం’ మాట పుట్టిల్లు అదే.) కనుక శ్లోకంలో తెర పడడం లేదు, నటుడే తెరలోకి వెళ్తున్నాడు. వెళ్ళినవాడు మరో వేషంతో తిరిగి రావచ్చు.

‘సంసారాంతం’ అన్న పదం ఈ పఠనానికి అడ్డు వస్తుందన్న ఆక్షేపణ సహజమే. కానీ అక్కడ సంసారం జన్మపరంపర అయితే దాని అంతం మోక్షం కావాలి. ముక్తుడు యమపురికి పోవలసిన పని లేదు. అందువల్ల ఆ మాటకు ఈ ఒక్క జన్మలోని లౌకిక జీవితమన్న అర్థమే పొసగుతుంది.

షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’ నాటకంలో జాక్వెస్ చెప్పే ఏడు దశల ప్రసంగంతో ఈ శ్లోకాన్ని పోల్చేవారు నటోపమాన సామ్యం దగ్గరే ఆగిపోతారు. ఏడు దశల లెక్కకు టాలెమీ గ్రంథంలో ఏడు గ్రహాలతో ముడిపడిన వయోవిభాగం వంటి పూర్వరూపాలున్నాయి. భర్తృహరికి సంఖ్యతో పని లేదు. జాక్వెస్ వృద్ధుడు సర్వం కోల్పోయి విస్మృతిలో ముగిసిపోతాడు. భర్తృహరి వృద్ధుడికి ఆ సౌకర్యం లేదు. వైరాగ్యం పుట్టేది చావు భయం వల్లనా, మళ్ళీ వేషం కట్టవలసి వస్తుందన్న విసుగు వల్లనా అన్నది ఈ భేదంపైనే ఆధారపడి ఉంది.

ఎలకూచి బాలసరస్వతి, ఏనుగు లక్ష్మణకవి మొదలైనవారి ఆంధ్రీకరణలను పరిశీలించేటప్పుడు కూడా మూలంలోని ‘ప్రవేశించు’ అన్న క్రియ తెలుగులో ఏమైందో ముందుగా చూడాలి.