కంప్యూటరులో దాగియున్న సౌకర్యములు

కంప్యూటరు కీబోర్డు రెండు చేతులతో పనిచేయువారికై ఏర్పడినది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కవలసివచ్చినప్పుడు ఒంటిచేతి విద్యార్థి ఏమి చేయగలడు?

విండోస్‌లోని ‘స్టికీ కీస్’ అను ఏర్పాటు ఇందుకు సమాధానము. షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కినచో, దీనిని ప్రారంభింపవలెనా అని యంత్రము అడుగును. సరేయన్న పిమ్మట కంట్రోల్ మీటను నొక్కి వదలివేసినను, తరువాతి మీట పడువరకు అది నొక్కియున్నట్లే లెక్క. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ట్రేస్ కేంద్రము కృషివలన వచ్చిన ఈ సౌకర్యము 1995 నాటి విండోస్ 95లోనే కలదు. తెరను పెద్దదిగా చూపు ‘మాగ్నిఫైయర్’ విండోస్ 98తోను, తెరపైని వ్రాతను చదివి వినిపించు ‘నెరేటర్’ విండోస్ 2000తోను చేరినవి. వీనికి వేరుగా వెల ఈయనక్కరలేదు. ఇది మెచ్చదగిన గుణము.

లోపములును కలవు. మాగ్నిఫైయర్‌తో తెరనంతటిని రెండింతలు చేసినచో, ఒకసారికి అందులో నాలుగవవంతే కనబడును. పట్టికలోని అంకె తెలియును గాని, అది ఏ శీర్షిక క్రిందిదో తెలియదు. చదువుటకు అక్షరముల పరిమాణమును మాత్రమే పెంచు అమరిక దీనికన్న మేలు.

ఇంతకన్న పెద్ద లోపము, అవసరమైనవారికి ఇవి ఉన్నట్లే తెలియకపోవుట. షిఫ్ట్ మీట పొరపాటున ఐదుసార్లు పడగా వచ్చిన ప్రశ్నను బెడదగా తలచి, ఆ సంకేతమునే పనిచేయకుండ ఆపివేయుట కద్దు. మరునాడు ఆ యంత్రము ముందు ఒంటిచేతి బాలిక కూర్చుండవచ్చును.

కనుక ఉపాధ్యాయులు విండోస్ మీటను, ‘యు’ మీటను కలిపి నొక్కి, తెరుచుకొను పుటను తరగతికంతటికి ఒకమారు చూపవలెను. ఎవరికి అవసరమని అడుగనక్కరలేదు. అవసరమున్నవారు తామే గ్రహింతురు.